ముదిమి లెక్క: స్త్రీ పురుష దేహములలోని తరుగు



25 ఏండ్లు గ్రంథాలయమునకు నిండు యౌవనము. కాని నాడు సభ్యత్వము కట్టి తొలి పుస్తకము చేతబట్టినవారి తలలు నేడు నెరసినవి. కొందఱికి కండ్లజోడు వచ్చినది. కొందఱికి చేతికఱ్ఱ వచ్చినది. లెక్కలు వ్రాయుట నా వృత్తి, పురాణములు చదువుట నా వ్యసనము. లెక్కలలో ప్రతి వస్తువునకును ఏటేట కొంత తరుగు వ్రాయుట గలదు. బండికి తరుగు కలదు, మగ్గమునకు కలదు, ఎద్దునకు కలదు. మనుష్య దేహమునకును కలదు. అయితే ఈ తరుగు ఆడుదానికి, మగవానికి ఒక్క తీరుననే పడుచున్నదా, లేక వేఱువేఱు పద్దులలో పడుచున్నదా అనునది నేటి నా ప్రసంగ విషయము. ఇది వైద్యుని ఉపన్యాసము గాదు. చదువుకొన్నంత, చూచినంత చెప్పెదను.

ముందుగా మన పురాణములవైపు చూతము. ముదిమిని గూర్చిన కథలలో తలమానికమైనది యయాతి కథ. శుక్రుని శాపముచే యయాతికి అకాల వార్ధక్యము ప్రాప్తించెను. కుమారులను ఒక్కొక్కరిని పిలిచి తన ముదిమిని తీసికొని వారి ప్రాయము నిమ్మని వేడెను. కడగొట్టు కుమారుడు పూరుడు ఒడంబడెను. యయాతి వేయి యేండ్లు భోగించి, కోరికకు అంతము లేదని తెలిసికొని, ప్రాయమును తిరిగి కుమారున కిచ్చెను. రెండవది చ్యవనుని కథ. సుకన్యను పెండ్లాడిన ఆ వృద్ధ మునిని అశ్వినీ దేవతలు కొలనిలో ముంచి నవయౌవనునిగా లేపిరి. నేడు అంగళ్లలో అమ్ముడుపోవు లేహ్యము ఆయన పేరిటిదే.

ఈ రెండు కథలలోను ప్రాయము తిరిగి పొందినవారు పురుషులే యనుట గమనింపుడు. యయాతి ఆ వేయి యేండ్లు యౌవనము ననుభవించుచుండగా దేవయానికి ముదిమి వచ్చెనా, శర్మిష్ఠకు మోకాళ్లు నొచ్చెనా యని కథ చెప్పదు, మనమును అడుగలేదు. ఇంటిలోని ముసలిదాని నొప్పి కథలోనికి ఎక్కకపోవుట నాటినుండియు నున్నదే. నేడు ఇండ్లలో నడచుచున్నదియు అదే.

వైద్య గ్రంథములు మాత్రము కొంత జాగ్రత్తగా లెక్క వ్రాసినవి. శార్ఙ్గధరుడు నూఱేండ్ల ఆయువును, ఆపైని మఱి ఇరువదిని పదేసి యేండ్లుగా విభజించి, ఒక్కొక్క దశకమున ఒక్కొక్కటి క్షీణించునని చెప్పెను: మొదట బాల్యము, పిమ్మట పెరుగుదల, కాంతి, మేధ, చర్మము, దృష్టి, శుక్రము, పరాక్రమము, బుద్ధి, కర్మేంద్రియములు, చిత్తము, తుదకు ప్రాణము. ఇది చక్కని ఖాతా. అయినను దీనిలో పురుషునకొక పుట, స్త్రీకొక పుట లేదు. ఏడవ దశకమున శుక్రము క్షీణించునని వ్రాయుటనుబట్టి ఆ ఖాతా పురుషుని పేరిట తెఱవబడినదని తోచును. సుశ్రుతుడు స్త్రీకి రజస్సు పండ్రెండవ యేట మొదలై ఏబదియవ యేట నిలిచిపోవునని చెప్పెను. మన దేశమున నేడు స్త్రీలకు ముట్లుడుగు వయస్సు సగటున 46, 47 ఏండ్ల ప్రాంతమున నున్నదని వైద్యులు చెప్పుచున్నారు. ముదిమియందలి స్త్రీ పురుష భేదమునకు ఈ యొక్క గడి మూలము. పురుషుని తరుగు ఏటవాలు నేలవలె కొంచెము కొంచెముగా దిగును. స్త్రీ తరుగు కొంతదూరము సమముగా పోయి, ముట్లుడుగుచోట మెట్టువలె ఒక్కసారి దిగును.

ఇక ఆయుర్దాయపు లెక్క. మన దేశమున 1970–75 నాటి లెక్కలలో పుట్టిన శిశువు బ్రదుకగల సగటు ఆయువు మగవానికి 50.5 ఏండ్లు, ఆడుదానికి 49 ఏండ్లు. 2016–20 నాటి లెక్కలలో మగవానికి 68.6, ఆడుదానికి 71.4. అనగా నాడు ఒకటిన్నర యేడు వెనుకబడియున్న స్త్రీ నేడు దాదాపు మూడేండ్లు ముందున్నది. స్త్రీ దేహ నిర్మాణము ఈ యేబది యేండ్లలో మాఱలేదు. మాఱినది కాన్పుగది. పురుళ్లలో చచ్చుట తగ్గినది, కాన్పుల సంఖ్య తగ్గినది, ఆడుశిశువునకును మందు పోయుట కొంత అలవాటైనది. దేహములో సహజముగా నున్న ఓర్పును పూర్వము మన యలక్ష్యము మ్రింగివేయుచుండెను.

ఆ యోర్పునకు మన సీమయే సాక్ష్యము చెప్పగలదు. 1876–78 సంవత్సరముల ధాత కరవు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చివేసినది. ఆదవాని సీమ ఆనాడు బళ్లారి జిల్లాలోనిదే; 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు గదా ఇటు వచ్చినది. ఆ కరవులో చచ్చినవారిలో స్త్రీలకంటె పురుషులే యెక్కువయని నాటి మద్రాసు రాజధాని లెక్కలు చూచినవారు తేల్చిరి. ఇతర దేశముల కరవులలోను, అంటురోగములలోను ఇట్లే జరిగినట్లు ఈ శతాబ్దపు పరిశోధకులును చెప్పుచున్నారు. స్త్రీ దేహమున కొవ్వు నిల్వ హెచ్చు, తిండి అవసరము కొంత తక్కువ, రోగములతో పోరాడు శక్తి అధికము. ఎక్స్ అను క్రోమోసోము స్త్రీకి రెండు, పురుషునకు ఒక్కటే యగుటయు ఒక కారణమందురు. ఒకదానిలో లోపమున్న రెండవది ఆదుకొనును. పురుషుని యాయువు తగ్గుటకు దేహ నిర్మాణము కొంత కారణమైన, బీడీ, సారాయి, ప్రమాదముల పని తక్కినవి.

ఎక్కువ యేండ్లు బ్రదుకుట యనగా ఎక్కువ యేండ్లు సుఖముగా బ్రదుకుట యని భ్రమింపరాదు. పురుషుని పట్టు జబ్బులు చాలవఱకు ప్రాణము తీయునవి. స్త్రీని పట్టునవి ప్రాణముంచి పని చెఱచునవి. అందువలన మగవాడు త్వరగా పోవును, ఆడుది నొప్పితో నిలుచును. ఈ భేదమును ఒక్కొక్క అవయవము పద్దున చూతము.

మొదటి పద్దు ఎముక. సుశ్రుతుడు దేహములో మున్నూఱెముకలనియు, చరకుడు మున్నూట అఱువదియనియు లెక్కించిరి; నేటి వైద్యులు దంతములను విడిచి 206 అందురు. సంఖ్య యెంతయైనను ఎముక ఒక నిల్వసొమ్ము. ముప్పదియేండ్ల వఱకు అందులో జమ పడును, ఆపైని ఖర్చే. పురుషుని నిల్వ మొదటనే పెద్దది, ఖర్చు నిదానము. స్త్రీ నిల్వ చిన్నది. ముట్లుడిగిన పిదప మొదటి ఐదు మొదలు పది యేండ్లలో ఎముకలోని సారము వేగముగా కరగి, కొందఱికి ఇరువది వంతులవఱకు పోవును. అందుచేతనే గడప తట్టుకొని పడిన ముసలమ్మకు తుంటి విఱుగును, అట్లే పడిన ముసలయ్యకు చాలమాఱు దెబ్బతోనే పోవును. అయినను తుంటి విఱిగిన ముసలయ్య ఆ యేడాదిలో చనిపోవుట, ముసలమ్మ చనిపోవుటకంటె హెచ్చు. ఈ రెండును కలిసియే చదువవలసిన అంకెలు.

రెండవది కండ. ముప్పది దాటిన పిదప పదేండ్లకు మూడు మొదలు ఎనిమిది వంతులు కండ తగ్గునని లెక్క. పురుషునకు కండ హెచ్చు గనుక పోగొట్టుకొనునదియు హెచ్చు. ఒకనాడు బోరెమును ఒంటిచేత భుజమున కెత్తినవాడు అఱువదవ యేట నీళ్లబిందె కెత్తుకు పిలువవలసివచ్చిన సిగ్గుపడును. ఆ సిగ్గుచేత ఎత్తరాని బరువెత్తి నడుము విఱుచుకొనును. స్త్రీకి కండ నిల్వ మొదటనే తక్కువ గనుక కొంచెము తగ్గినను లేచుట, కూర్చుండుట కష్టమగును.

మూడవది గుండె. పురుషునకు గుండెపోటు స్త్రీకంటె ఏడెనిమిది మొదలు పదేండ్లు ముందుగా వచ్చును. ముట్లు నడచునంతవఱకు స్త్రీకి దేహములోని ఈస్ట్రోజెను కొంత రక్ష. అది తగ్గిన పిమ్మట ఆమెయు అదే దారికి వచ్చును. భేదమెక్కడనగా, మగవానికి రొమ్ము పట్టుకొనుచోట ఆడుదానికి దవడ లాగుట, వీపు నొప్పి, వాంతి, ఎడతెగని ఆయాసము మాత్రమే కనబడవచ్చును. ఇంటివారు దానిని వాయువనియు, పైత్యమనియు తలచి సోడా త్రాగింతురు. ఏబది దాటిన స్త్రీ ఇట్టి బాధ చెప్పినపుడు సోడాబుడ్డికి బదులు ఆసుపత్రి వాహనమును పిలువుడు.

నాల్గవది కీళ్లు. ఇచ్చట దేహధర్మముతోపాటు చేయు పనియు చేరును. మన సీమలో పనులు ఆడపని, మగపని యని చీలియున్నవి. దేహములును ఆ చీలికను బట్టియే అరుగును. ఆదవాని పత్తి మార్కెట్టులో బోరెములు మోయు హమాలీకి మెడ, నడుము పోవును. పత్తి గింజ తీయు మిల్లులో పనివానికి దూదిదుమ్ముతో రొమ్ము పట్టును, యంత్రపు రొదతో చెవి మందగించును. చెవుడు పురుషులకు స్త్రీలకంటె ముందుగా వచ్చుట లోకమంతటను ఉన్నదే. రొద దానిని మఱింత తఱుమును. ఎమ్మిగనూరు గుంటమగ్గమున కూర్చున్న నేతగానికి కాళ్లు, నడుము; ప్రక్కన రాట్నముపై కండెలు చుట్టు ఆమెకు భుజము, మణికట్టు. కూలి మగ్గము పేరిట వచ్చును, కండె పేరిట రాదు. కాని నొప్పి రెంటికిని వచ్చును.

మన నల్లరేగడి చేలలో పత్తి తీయునది ఎవరు? ఒడి కట్టుకొని, సూర్యోదయము మొదలు నడుము వంచి, చెట్టు చెట్టునకు ముందుకు జరుగునది స్త్రీయే. సుగ్గికి గుంటూరు సీమకు పోయి మిరపకాయలు కోయు కుటుంబములలోను అంతే. చేనినుండి వచ్చిన మగవాడు అరుగుపై కూర్చుండును; ఆమె బిందె తీసికొని నీళ్లకు, పిమ్మట పొయ్యి ముందు గొంతుకూర్చుండుటకు పోవును. మోకాటి కీళ్ల అరుగుదల ఏబది దాటిన స్త్రీలలో పురుషులకంటె హెచ్చని వైద్యులు చెప్పుట మనకు వింత గాదు. దృష్టి విషయమునను అట్లే: కంటి పొర స్త్రీలకు హెచ్చుగా వచ్చును, శస్త్రచికిత్సకు మాత్రము ఇంటి పెద్దాయన ముందు పోవును.

ఐదవ పద్దు సభలో ఎవరును చెప్పనిది. ఏబది దాటిన పురుషులలో ఇంచుమించు సగమునకు ప్రోస్టేటు గ్రంథి పెరుగుట మొదలగును. ఎనుబది నాటికి చాలమందికి ఉండును. రాత్రి నాలుగుమాఱులు లేచుట, ధార సన్నగిలుట దాని గుఱుతులు. స్త్రీకి కాన్పులచేతను, బరువులు మోయుటచేతను క్రింది కండరములు సడలి, దగ్గినను తుమ్మినను మూత్రము జాఱుట, గర్భసంచి దిగుట కలుగును. పురుషుడు సిగ్గుచేత చెప్పడు. అయినను ఒకనాడు మూత్రము బిగిసినప్పుడు ఊరంతయు తెలిసి ఆసుపత్రికి చేరును. స్త్రీ సిగ్గుచేత చెప్పదు. ఆమెది బిగియునది గాదు గనుక ఏండ్ల తరబడి ఎవరికిని తెలియదు. పెండ్లికి పోదు, బస్సెక్కదు, గుడికి పోదు. దేవరగట్టు ఉత్సవమునకు ఏల రాలేదని అడిగిన, ఇంటిలో పనియున్నదనును.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. దీని కొఱకే నేను ఈ విషయము నెన్నుకొంటిని. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురైన, ఆంధ్రప్రదేశమున నూటికి తొమ్మిదిమందికి సమీపించిరి. దేశమున కెల్ల పెద్ద అంకె మనది. రెండవ స్థానము తెలంగాణది. 2019–21 నాటి సర్వేలోను ఇంచుమించు అట్లే యున్నది. ఈ స్త్రీలు ముసలివారు గారు. చేలలో పని చేయు వయస్సువారు. తెల్లబట్టయని, రక్తస్రావమని, నడుమునొప్పియని పోయినవారికి, పిల్లలు పుట్టిన తరువాత ఆ సంచితో పనియేమి, ఉంచిన కాన్సరు వచ్చునని చెప్పి కోయువారు గలరు. నెలనెల ఆ బాధ లేకుండిన కూలికి పోవచ్చునని తలచి తామే పోయి కోయించుకొనువారును గలరు. అవసరమై చేసిన శస్త్రచికిత్సను నేను నిందింపను; అది ప్రాణము నిలుపును. అవసరము లేక చేసినదానిని గూర్చియే నా మాట. ఈ విషయము భారత సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. 2023లో న్యాయస్థానము అనవసర శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అమలుపఱుపుడని రాష్ట్రములను ఆదేశించినది.

ఇందలి నష్టము నాకు తెలిసిన భాషలో చెప్పెదను. స్త్రీ తరుగులో ముట్లుడుగుచోట ఒక మెట్టున్నదని ముందు చెప్పితిని. అండాశయములు కూడ తీసినచో ఆ మెట్టు నలుబదియాఱవ యేటనుండి ముప్పదియైదవ యేటికి వచ్చి పడును. అండాశయములను ఉంచినను అవి కొంత ముందుగా ఉడుగుట కలదు. అనగా పదేండ్లు ముందుగా ఎముక కరగుట మొదలగును, పదేండ్లు ముందుగా గుండెకున్న రక్ష తొలగును. డెబ్బదియేండ్లు బ్రదుకవలసిన స్త్రీకి ముప్పదియైదేండ్ల ముదిమి వ్రాసిపెట్టినట్లయ్యెను. యయాతి ముదిమిని పూరుడు తెలిసి, ఒప్పుకొని తీసికొనెను. ఈ తల్లులకు దానిని తీసికొనుచున్నామను సంగతియే ఎవరును చెప్పలేదు.

దీనికి రక్తలేమి తోడు. 2019–21 సర్వేలో దేశమున 15 మొదలు 49 ఏండ్లవారిలో స్త్రీలకు నూటికి 57 మందికి, పురుషులకు నూటికి 25 మందికి రక్తము తక్కువయని తేలినది. ముట్లు, కాన్పులు కొంత కారణము. అందఱును తినిన పిదప అడుగున మిగిలినది తినుట కొంత కారణము. మొదటిది దేహధర్మము, రెండవది మన ధర్మము. దానిని మనము మార్చుకొనవచ్చును.

ఆశ్రమవాస పర్వమున ఒక చిత్తరువు గలదు. ధృతరాష్ట్రుడు అడవికి పోవునప్పుడు కుంతి ముందు నడచుచుండ, ఆమె భుజముపై గాంధారి చేయి, గాంధారి భుజముపై ధృతరాష్ట్రుని చేయి. కుంతియు ముసలిదే. ఆ ముగ్గురిలో దారి చూచుచు బరువు మోసినది ఆమె. మన ఇండ్లలోను అట్లే గదా. మగవాడు వయస్సున పెద్ద, ముందుగా మంచము పట్టును. భార్య చాకిరి చేసి సాగనంపును. పిమ్మట ఆమెకున్న పది పదునైదేండ్లలో ఆమె చేయి ఎవరి భుజముపై నుండవలెనను లెక్క ఎవరును వ్రాయలేదు. అది వ్రాయవలసిన లెక్క.

చేయదగిన పనులు కొన్ని చెప్పి విరమించెదను. ముప్పదియేండ్లు దాటిన స్త్రీ పురుషు లెల్లరకు రక్తపు పోటు, చక్కెర పరీక్షించు సర్కారు ఏర్పాటు గలదు. మగవారు చొక్కా వేసికొని పోవునప్పుడు ఇంటియామెను గూడ తోడ్కొని పోవలెను. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల, ముట్లుడిగినవారికి 1200 మిల్లీగ్రాముల సున్నపు సారము కావలెనని భారత వైద్య పరిశోధన మండలి చెప్పినది. నూఱు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాములు గలదు. జొన్నరొట్టె మన ప్రాణమే. దాని ప్రక్కన రాగిముద్ద, మజ్జిగ, ఆకుకూర చేరిన చాలును. అవి ఆడపిల్ల పెరుగు వయస్సుననే ఆమె పళ్లెములో పడవలెను; ముప్పది లోపల జమ వేయని సొమ్ము ఏబదియందు తీయలేము. గర్భసంచి తీయవలెనని ఎవరైన చెప్పినచో, ప్రాణాపాయము లేనియెడల, మఱియొక వైద్యుని అభిప్రాయము అడుగక సంతకము చేయవలదు. అండాశయములు ఉంచెదరా తీసెదరా అని నోరు తెఱచి అడుగవలెను. మగవారు బీడీ మానవలెను, మూత్రపు బాధ దాచరాదు, బరువెత్తుటకు రెండవవాని పిలుచుటలో సిగ్గు లేదని తెలిసికొనవలెను.

గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక విన్నపము. మన బీరువాలలో యయాతి గలడు, చ్యవనుడు గలడు. వారి ప్రక్కన స్త్రీల ఆరోగ్యమును తేటతెలుగులో చెప్పు పుస్తకములు ఒక వరుస చేర్పుడు. వారమున కొక మధ్యాహ్నము స్త్రీలకే విడిచి, చదువు రానివారికి చదువు వచ్చిన ఆడపిల్లచేత వాటిని చదివించి వినిపింపుడు. సిగ్గుచేత వైద్యుని అడుగలేని మాటను పుస్తకమైన చెప్పును. ఊరిలో గ్రంథాలయ ముండుటకు ఇంతకంటె పెద్ద ప్రయోజనము నాకు తోచదు.

ముదిమిని తప్పించు కొలను నేడు లేదు. ఎవరి తరుగు ఎక్కడ పడుచున్నదో తెలిసికొని, దానిని తగ్గించుకొను తెలివి మాత్రము మన చేతిలో నున్నది. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చేసికొనునాటికి ఈ సభలోని తల్లులు ఒకరి సాయము లేక మెట్లెక్కి వచ్చి ముందు వరుసలో కూర్చుండవలెనని భగవంతుని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.